రాగి బిస్కెట్లు మన ఇంట్లోనే

పాఠం చదివే ముందు ఆలోచించండి.

మీ ఇంట్లో పిల్లలు బిస్కెట్లు తింటారా? రోజుకు ఎన్ని ప్యాకెట్లు కొంటారు? ఆ ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో ఎప్పుడైనా చూశారా?

అత్తా కోడళ్ళ మాటలు

సాయంత్రం అయింది. బాబు బడి నుంచి వచ్చాడు. సంచి పడేశాడు. "అమ్మా, 5 రూపాయలు" అన్నాడు. పాప కూడా చేయి చాపింది.

అత్త: మళ్ళీ అంగడికేనా? పొద్దున సంగటి ముద్ద పెడితే సగం వదిలేశాడు. ఇప్పుడు బిస్కెట్ కావాలా?

కోడలు: ఏం చేసేది అత్తమ్మా! ఇవ్వకపోతే ఏడుస్తాడు. 5 రూపాయలే కదా.

అత్త: 5 రూపాయలేనా? చదువుకుంటున్నావు కదా. లెక్క వేసి చూడు.

కోడలు పలక తీసింది. లెక్క వేసింది.

ఒక ప్యాకెట్ 5 రూపాయలు. ఇద్దరు పిల్లలు. రోజుకు 10 రూపాయలు.
నెలకు 10 × 30 = 300 రూపాయలు.
ఏడాదికి 300 × 12 = 3,600 రూపాయలు.

కోడలు: అమ్మో! 3,600 రూపాయలా? ఇంత అవుతుందని నాకు తెలియనే తెలియదు.

అత్త: డబ్బు సంగతి అట్లుంచు. దాంట్లో ఏముందో తెలుసా?

కోడలు: ఈ ప్యాకెట్ మీద రాగి కంకి బొమ్మ ఉంది అత్తమ్మా. రాగి బిస్కెట్లే.

అత్త: బొమ్మ నాకూ కనిపిస్తోంది. లోపల రాగి ఎంత ఉంది? అది చెప్పు.

కోడలు ప్యాకెట్ తిప్పింది. వెనక చిన్న అక్షరాలు ఉన్నాయి. అవి తెలుగు కాదు. కానీ మధ్యలో అంకెలు ఉన్నాయి. అంకెలు ఆమెకు వచ్చు.

ప్యాకెట్ మీద ఏముంది?

ప్యాకెట్ల మీద వివరాలు ఎక్కువగా ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి. తెలుగులో తక్కువ. అయినా భయపడకండి. భాష మారినా అంకెలు మారవు. వీటిని వెతకండి.

1. ధర. దీనికంటే ఎక్కువ అడిగితే ఇవ్వనక్కర లేదు.

2. బరువు. ఎన్ని గ్రాములు అని ఉంటుంది. ప్యాకెట్ పెద్దగా కనిపిస్తుంది. ఒక్కోసారి లోపల గాలే ఎక్కువ. కాబట్టి బరువే చూడాలి.

3. తేదీ. ఎప్పుడు తయారైంది, ఎప్పటిలోగా తినాలి అని ఉంటుంది. గడువు దాటితే కొనకండి.

4. గుర్తు. చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం.

5. పదార్థాల వరుస. ఇది చాలా ముఖ్యం. ఏది ఎక్కువ బరువు ఉందో దాన్ని ముందు రాయాలి. తక్కువ ఉన్నదాన్ని చివర రాయాలి. ఇది నియమం. చాలా బిస్కెట్లలో మొదటి పేరు మైదా. తర్వాత చక్కెర, నూనె వస్తాయి.

6. శాతం గుర్తు. అది ఇట్లా ఉంటుంది: %. ప్యాకెట్ మీద ఏ పదార్థాన్నయినా బొమ్మ వేసి గొప్పగా చూపిస్తే, అది ఎంత శాతం ఉందో రాయాలి. 12% అంటే 100 గ్రాముల్లో 12 గ్రాములు అని అర్థం.

ఇంగ్లీషు చదవడం వచ్చిన వారిని అడగండి. బడి పిల్లలను అడగండి. "రాగి అనే మాట ఎక్కడ ఉంది? దాని పక్కన ఎంత ఉంది?" అని అడగండి. అడగడంలో తప్పు లేదు.

పక్కింటి అమ్మాయి కోడలికి ఆ మాట చూపించింది. దాని పక్కన 12% అని ఉంది.

అత్త: అంటే?

కోడలు: 100 గ్రాముల బిస్కెట్లలో రాగి 12 గ్రాములే అత్తమ్మా. ముందున్నది మైదా.

అత్త: చూశావా! బొమ్మ అంతా రాగి. లోపలంతా మైదా. రాగులు మన ఇంట్లోనే ఉన్నాయి. మనమే కాలుద్దాం.

కోడలు: మనకు పొయ్యి పెట్టె లేదు కదా? బేకరీలో ఉంటుంది.

అత్త: మందపాటి గిన్నె ఉంది. ఇసుక ఉంది. అవి చాలు.

మన రాగులు

రాగులకు చాలా పేర్లు ఉన్నాయి. రాయలసీమలో రాగులు అంటారు. ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు. తెలంగాణలో తైదలు అంటారు. పేర్లు వేరు. గింజ ఒకటే.

స్కాట్లాండ్ లాంటి చలి దేశాల్లో ఓట్స్ అనే ధాన్యం పండుతుంది. అక్కడి వాళ్ళు దానితో గంజి కాస్తారు. ఇంట్లో బిస్కెట్లు కాలుస్తారు. మనకు రాగులు ఉన్నాయి. మనం రాగులతో కాలుస్తాం. తీరు దాదాపు ఒకటే.

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఏ తిండిలో ఏముందో అక్కడ పరీక్షిస్తారు. 2017లో వాళ్ళు ఒక పెద్ద పట్టిక అచ్చు వేశారు. అందులో ఈ సంగతి ఉంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాముల లోపే. మైదాలో 20 దాకా ఉంది. కాల్షియం ఎముకలకు, పళ్ళకు బలం. పెరిగే పిల్లలకు కావాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కావాలి. నడి వయసు దాటిన ఆడవాళ్ళకు కూడా కావాలి.

కావలసినవి

రాగి పిండి – 150 గ్రాములు
గోధుమ పిండి – 100 గ్రాములు
బెల్లం పొడి – 100 గ్రాములు
నెయ్యి – 100 గ్రాములు
వేయించిన వేరుశనగ పప్పు – 50 గ్రాములు
వంట సోడా – పావు చెంచా
ఏలకులు – 2
ఉప్పు – చిటికెడు
పాలు – 2 లేక 3 చెంచాలు

ఇంట్లో త్రాసు లేదా? చిన్న టీ గ్లాసుతో కొలవండి. రాగి పిండి 3 గ్లాసులు. గోధుమ పిండి 2 గ్లాసులు. బెల్లం పొడి గట్టిగా నొక్కి 1 గ్లాసు. నెయ్యి 1 గ్లాసు. వేరుశనగ పొడి 1 గ్లాసు. అన్నింటికీ ఒకే గ్లాసు వాడాలి.

చేసే తీరు

1. రాగి పిండిని జల్లించండి. బాణలిలో వేసి సన్న మంట మీద 5 నిమిషాలు వేయించండి. కమ్మటి వాసన రాగానే దించండి. బాగా చల్లారనివ్వండి.

2. వేరుశనగ పప్పు పొట్టు తీసి పొడి చేయండి. మరీ మెత్తగా రుబ్బితే నూనె వదిలి ముద్ద అవుతుంది. కాబట్టి రవ్వలాగా ఉండాలి. ఏలకులు దంచండి.

3. బెల్లం మెత్తగా పొడి చేసి జల్లించండి. గడ్డలు ఉండకూడదు. గడ్డ ఉంటే అది కరిగి మాడుతుంది. బిస్కెట్ పళ్ళేనికి అంటుకుపోతుంది.

4. ఒక గిన్నెలో నెయ్యి, బెల్లం వేసి చేత్తో 5 నిమిషాలు బాగా కలపండి. నెయ్యి గడ్డకట్టి ఉండాలి. కరిగిన నెయ్యి అయితే బిస్కెట్ పరుచుకుపోతుంది.

5. రెండు పిండులు, వేరుశనగ పొడి, సోడా, ఉప్పు, ఏలకుల పొడి వేసి కలపండి. పిండి అతకకపోతే పాలు ఒక్కొక్క చెంచా చల్లండి. చపాతీ పిండిలాగా పిసకకండి. ముద్ద అయితే చాలు.

6. పిండిని 24 ఉండలు చేయండి. ఒక్కొక్కటి పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. అరచేతిలో పెట్టి కొంచెం అదమండి. మందం అర వేలంత ఉండాలి. అన్నీ ఒకే మందంగా ఉంటే అన్నీ ఒకేసారి కాలతాయి.

7. మందపాటి పాత గిన్నె తీసుకోండి. అందులో 2 వేళ్ళ మందం శుభ్రమైన పొడి ఇసుక పోయండి. ఇసుక లేకపోతే ఉప్పు పోయండి. ఇసుక మీద ఇనుప స్టాండు పెట్టండి. గట్టిగా మూత పెట్టండి. మధ్యస్థంగా మంట పెట్టి 10 నిమిషాలు వేడి చేయండి.

8. స్టీలు పళ్ళేనికి నెయ్యి రాయండి. 8 బిస్కెట్లు పెట్టండి. ఒక్కొక్క దాని మధ్య వేలు పట్టేంత ఎడం ఉంచండి. కాలేటప్పుడు అవి కొంచెం పెరుగుతాయి.

9. పళ్ళేన్ని స్టాండు మీద పెట్టండి. మూత పెట్టండి. మంట తగ్గించండి. 15 నుంచి 20 నిమిషాలు కాలనివ్వండి. మాటిమాటికీ మూత తీయకండి. తీస్తే వేడి పోతుంది.

10. రాగి బిస్కెట్ రంగు ముందే నల్లగా ఉంటుంది. రంగు చూసి చెప్పలేం. అంచు తాకి చూడండి. అంచు గట్టిపడాలి. నడుమ కొంచెం మెత్తగా ఉండాలి. అప్పుడు పళ్ళెం తీయండి.

11. వేడి మీద బిస్కెట్ మెత్తగానే ఉంటుంది. కాలలేదని మళ్ళీ పెట్టకండి. 15 నిమిషాలు చల్లారితే కరకరలాడుతుంది.

పళ్ళేనికి 8 చొప్పున 3 వాయిలు. 8 × 3 = 24 బిస్కెట్లు. రెండో వాయి నుంచి గిన్నె వేడిగా ఉంటుంది. కాబట్టి కొంచెం తొందరగా కాలతాయి. గమనించి చూసుకోండి.

పూర్తిగా చల్లారాక తడి లేని డబ్బాలో పెట్టి మూత బిగించండి. వారం లోపల తినేయండి.

ఎందుకు ఇలా?

కోడలు: పెనం మీద కాల్చకూడదా అత్తమ్మా?

అత్త: పెనం వేడి కిందనుంచే వస్తుంది. అడుగు మాడుతుంది. పైన పచ్చిగా ఉంటుంది. మూత పెట్టిన గిన్నెలో వేడి చుట్టూ తిరుగుతుంది. ఇసుక వేడిని పట్టి ఉంచుతుంది. పైనా కిందా ఒకేలా కాలుతుంది.

కోడలు: మరి గోధుమ పిండి ఎందుకు? అంతా రాగి పిండే వేస్తే పోలా?

అత్త: రాగి పిండిలో జిగురు లేదు. రాగి రొట్టె చేసేటప్పుడు విరిగిపోతుంది, చూడలేదా? గోధుమలో జిగురు ఉంది. అది పట్టి ఉంచుతుంది.

వంట సోడా వేడికి గాలి బుడగలు పుట్టిస్తుంది. అందుకే బిస్కెట్ గుల్లగా వస్తుంది. సోడా ఎక్కువైతే చేదు వస్తుంది. పావు చెంచా దాటకండి.

జాగ్రత్త

ఇసుక చాలాసేపు వేడిగా ఉంటుంది. మంట ఆర్పినా అర గంట దాకా పిల్లలను దగ్గరికి రానివ్వకండి. వేడి ఇసుక మీద నీళ్ళు పోయకండి. ఆవిరి కొట్టి ఒళ్ళు కాలుతుంది.

పళ్ళెం తీసేటప్పుడు పట్టకారు వాడండి. చీర కొంగుతో పట్టుకోకండి. కొంగు అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

లోపల పూత ఉన్న నాన్‌స్టిక్ గిన్నెలు వాడకండి. పూత పాడవుతుంది. అన్నం వండే ప్రెషర్ కుక్కర్ కూడా దీనికి వద్దు.

ఇసుకకు బదులు ఉప్పు వాడితే, ఆ ఉప్పును కూరలో వేయకండి. డబ్బాలో పోసి పెట్టుకోండి. మళ్ళీ కాల్చడానికి పనికి వస్తుంది.

వేరుశనగ కొందరికి పడదు. ఒంటి మీద దద్దుర్లు వచ్చే పిల్లలుంటే అది మానేయండి.

ఖర్చు లెక్క

ధరలు ఊరికొక తీరు. నెలకొక తీరు. లెక్క నేర్చుకోవడానికి ఈ ధరలు అనుకుందాం.

రాగి పిండి కిలో 60 రూపాయలు. 150 గ్రాములకు 9 రూపాయలు.
గోధుమ పిండి కిలో 50 రూపాయలు. 100 గ్రాములకు 5 రూపాయలు.
బెల్లం కిలో 70 రూపాయలు. 100 గ్రాములకు 7 రూపాయలు.
వేరుశనగ పప్పు కిలో 160 రూపాయలు. 50 గ్రాములకు 8 రూపాయలు.
పాలు, సోడా, ఏలకులు, ఉప్పు – 7 రూపాయలు.
నెయ్యి కిలో 600 రూపాయలు. 100 గ్రాములకు 60 రూపాయలు.

మొత్తం: 9 + 5 + 7 + 8 + 7 + 60 = 96 రూపాయలు.
ఒక బిస్కెట్‌కు: 96 ÷ 24 = 4 రూపాయలు.

కోడలు: ఒక్కోటి 4 రూపాయలా? అంగడి బిస్కెట్టే చవక కదా అత్తమ్మా!

అత్త: ఏది ఎక్కువ తింటోందో చూడు.

కోడలు: నెయ్యి. 96లో 60 రూపాయలు నెయ్యికే.

అత్త: అయితే వేరుశనగ నూనె పోద్దాం. మన చేలో కాయలే కదా.

నూనె అయితే 75 గ్రాములు చాలు. గ్లాసుతో కొలిస్తే ముప్పావు గ్లాసు. పాలు ఇంకో 2 చెంచాలు ఎక్కువ పడతాయి. నూనె కిలో 160 రూపాయలు అనుకుందాం. 75 గ్రాములకు 12 రూపాయలు.

మొత్తం: 9 + 5 + 7 + 8 + 7 + 12 = 48 రూపాయలు.
ఒక బిస్కెట్‌కు: 48 ÷ 24 = 2 రూపాయలు.

ఖర్చు సగానికి తగ్గింది. నెయ్యి వాసన ఉండదు. కానీ వేరుశనగ కమ్మదనం ఉంటుంది. గ్యాస్ ఖర్చు, మన కష్టం ఈ లెక్కలో లేవు. అవి కూడా గుర్తు పెట్టుకోవాలి. ఒకటే రోజు 3 వాయిలు కాలిస్తే గ్యాస్ కలిసి వస్తుంది.

అంగడిలో ఇంతకంటే చవక బిస్కెట్లు దొరకవచ్చు. కానీ మన బిస్కెట్లో ఏముందో మనకు తెలుసు. పిండి, బెల్లం, పప్పు, నెయ్యి అన్నీ కలిపి 500 గ్రాములు. అందులో రాగి 150 గ్రాములు. అంటే 100కు 30. మన బిస్కెట్లో రాగి 30%. నూనెతో చేస్తే ఇంకొంచెం ఎక్కువే.

బిస్కెట్ సంగటికి బదులు కాదు

కోడలు సంతోషపడింది. "ఇక పిల్లలు సంగటి తినకపోయినా పర్వాలేదు. ఈ బిస్కెట్లు పెడతాను" అంది.

అది సరైన మాటేనా? లెక్క చూద్దాం.

150 గ్రాముల రాగి పిండిలో సుమారు 540 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. దాన్ని 24 బిస్కెట్లకు పంచితే, 2 బిస్కెట్లకు 45 వస్తుంది. ఒక సంగటి ముద్దలో 50 గ్రాముల రాగి పిండి ఉందనుకోండి. అందులో 180 ఉంటుంది. అంటే ఒక ముద్ద 8 బిస్కెట్లతో సమానం.

8 బిస్కెట్లు తింటే బెల్లం, నూనె కూడా అంత లోపలికి పోతాయి. ఆకలి చస్తుంది. పప్పు, ఆకుకూర, గుడ్డు తినబుద్ధి కాదు. బెల్లం కూడా తీపే. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు రాగి బిస్కెట్ కదా అని ఎక్కువ తినకూడదు.

కాబట్టి ఈ బిస్కెట్ సంగటికి బదులు కాదు. అన్నానికి బదులు కాదు. కొన్న బిస్కెట్‌కు బదులు. సాయంత్రం ఒకటో రెండో చాలు.

పంపకం

బిస్కెట్లు చల్లారాయి. ఇల్లంతా ఏలకుల వాసన. బాబు, పాప పళ్ళెం ముందు కూర్చున్నారు.

కోడలు: ఇంట్లో 5 మందిమి. 24 ÷ 5. ఒక్కొక్కరికి 4. ఇంకా 4 మిగులుతాయి. అవి బాబుకు ఇస్తాను.

అత్త: 5 మంది ఎవరెవరు?

కోడలు: మీరు, మామయ్య, మీ అబ్బాయి, బాబు, పాప.

అత్త: మరి నువ్వు?

కోడలు మాట్లాడలేదు. నవ్వి తల వంచుకుంది.

అత్త: కాల్చిన దానివి నువ్వు. లెక్క వేసిన దానివి నువ్వు. లెక్కలో మాత్రం నువ్వు లేవు. మా అత్త కాలంలో నేనూ ఇట్లనే అడుగున మిగిలింది తిన్నాను. ఇప్పుడు నా మోకాళ్ళు చూడు. మళ్ళీ లెక్క వెయ్యి. మిగిలినవి బాబుకే ఎందుకు? పాప పెరగనక్కర లేదా?

కోడలు మళ్ళీ పలక తీసింది. ఈసారి 24 ÷ 6 అని రాసింది. ఒక్కొక్కరికి 4. మిగిలింది సున్న.

గుర్తుంచుకోండి

ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొనకండి. వెనక అంకెలు చూసి కొనండి.
బెల్లంలో గడ్డలు లేకుండా చూడండి. మంట సన్నగా ఉంచండి.
వేడి ఇసుక దగ్గర పిల్లలు, చీర కొంగు జాగ్రత్త.
బిస్కెట్ చిరుతిండి మాత్రమే. భోజనం కాదు.
పంచేటప్పుడు మిమ్మల్ని కూడా లెక్క పెట్టుకోండి. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమానంగా పెట్టండి.
మీ పొదుపు సంఘం వాళ్ళు కలిసి ఇవి చేసి అమ్మాలనుకుంటే, ముందు ఆహార భద్రతా శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి.

కొత్త మాటలు

శాతం – నూటికి ఎంత అని చెప్పే లెక్క
పదార్థం – కలిపిన వస్తువు
గడువు – ఆఖరి తేదీ
వాయి – ఒక్కసారి కాల్చినవి
కాల్షియం – ఎముకలకు బలం ఇచ్చేది
పోషకాహారం – ఒంటికి బలం ఇచ్చే తిండి

చెప్పండి

1. రాగులను మీ ఊరిలో ఏమంటారు?
2. ప్యాకెట్ మీద పదార్థాలను ఏ వరుసలో రాస్తారు?
3. గిన్నెలో ఇసుక ఎందుకు పోశారు?
4. ఖర్చు 96 రూపాయల నుంచి 48 రూపాయలకు ఎలా తగ్గింది?
5. కోడలు మొదట వేసిన పంపకంలో తప్పు ఏమిటి?

చేసి చూడండి

1. మీ ఇంటికి వచ్చిన ఒక ప్యాకెట్ తీసుకోండి. ధర, బరువు, తేదీ వెతికి నోటు పుస్తకంలో రాయండి. % గుర్తు ఉన్న చోట వేలు పెట్టి, ఆ అంకె పైకి చదవండి.

2. మీ ఊరి అంగడి ధరలు అడిగి రాయండి. మీ ఊరిలో ఒక రాగి బిస్కెట్‌కు ఎంత ఖర్చు అవుతుందో లెక్క కట్టండి.
రాగి పిండి కిలో ______ రూపాయలు
గోధుమ పిండి కిలో ______ రూపాయలు
బెల్లం కిలో ______ రూపాయలు
వేరుశనగ పప్పు కిలో ______ రూపాయలు
నూనె కిలో ______ రూపాయలు

3. మీ ఇంట్లో వాళ్ళ పేర్లు అన్నీ వరుసగా రాయండి. మొదట మీ పేరు రాయండి. 24 బిస్కెట్లు మీ ఇంట్లో అందరికీ పంచండి.